ఇసుక ఫిల్టర్ల మీద థీసిస్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. మొదటి సంవత్సరం చదువుతోంది. ఇసుక ఫిల్టర్లలో సన్నని కణాలు ఎలా పేరుకుంటాయో మ్యాథమెటికల్ మోడల్ తయారుచేయమని గైడ్ థీసిస్ ఇచ్చారు. దీనికి ఉద్యోగాలుండవు, డేటా సైన్స్ కోర్సులో చేర్పించండి అని చుట్టాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయికి లెక్కలంటే ఇష్టం ఉంటే ఆ థీసిస్ మార్పించకండి. ఇష్టం లేకపోతే మాత్రం ఇప్పుడే గైడ్‌తో మాట్లాడి మార్చుకోవడం నయం, ఎందుకంటే ఏడాది పొడుగునా డిఫరెన్షియల్ ఈక్వేషన్లతోనే కుస్తీ పట్టాలి.

అసలు ఆ సబ్జెక్టులో ఏముందో మీరూ కాస్త తెలుసుకోండి, అప్పుడు చుట్టాల మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది. ఊళ్లకు మంచినీళ్లిచ్చే రాపిడ్ శాండ్ ఫిల్టర్లో ఇసుక సాధారణంగా 60 నుంచి 75 సెంటీమీటర్ల మందం ఉంటుంది, రేణువు అర మిల్లీమీటరు అటూఇటూ. రేణువుల మధ్య సందులు పదుల మైక్రాన్లుంటాయి (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), బాక్టీరియా చూస్తే ఒక మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఇసుక జల్లెడలా పట్టదు, అంత సందులోంచి బాక్టీరియా హాయిగా జారిపోవాలి. అయినా చాలావరకు చిక్కుకుంటుంది. పెద్ద కణాలు బరువుకి ఇసుక మీద దిగిపోతాయి, లేదా పక్కనుంచి పోతూ రేణువుకి తగులుతాయి. మరీ చిన్నవి బ్రౌనియన్ చలనం (నీటి అణువులు ఢీకొట్టడంతో కణాలు అడ్డదిడ్డంగా కదలడం) వల్ల అటూఇటూ ఊగిసలాడి అంటుకుంటాయి. ఈ రెండింటికీ మధ్యలో, ఇంచుమించు ఒక మైక్రాన్ సైజు కణాన్ని పట్టడమే అన్నిటికన్నా కష్టం. 1971లో యావ్, హబీబియన్, ఓమెలియా అనే పరిశోధకులు ఈ సంగతి లెక్కగట్టి చూపించారు. పటిక వేసేదీ ఇందుకే, కణాల మీది చార్జ్ తగ్గకపోతే అవి ఇసుక దాకా వచ్చినా అంటుకోవు.

అంతకుముందే 1937లో ఇవాసాకి అనే పరిశోధకుడు చిన్న సమీకరణం ఇచ్చాడు: ఒక్కో పొరలో చిక్కే కణాలు ఆ పొరకు చేరిన కణాల సంఖ్యకు అనుపాతంలో ఉంటాయి. ఫిల్టర్ కోఎఫిషియంట్ (ఫిల్టర్ కణాల్ని ఎంత జోరుగా పడుతుందో చెప్పే అంకె) మీటరుకు 5 అనుకోండి, 30 సెంటీమీటర్లు దాటేసరికి కణాల్లో 22 శాతం మిగులుతాయి, 60 దాటితే 5 శాతం. ఇంతవరకు ఇంటర్ పిల్లలైనా చేస్తారు. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ 5 అనేది 5గానే ఉండదు. కణాలు పేరుకునే కొద్దీ మొదట ఫిల్టర్ ఇంకా బాగా పడుతుంది, తర్వాత హెడ్ లాస్ (ఇసుక దాటడంలో నీరు కోల్పోయే ఒత్తిడి) పెరుగుతుంది, చివరికి పట్టిన మురికి కిందికి జారుతుంది. ఎన్ని గంటలకు బ్యాక్‌వాష్ (కిందినుంచి పైకి నీళ్లు పంపి ఇసుకను కడగడం) చేయాలో ముందే చెప్పగలగడమే మీ అమ్మాయి మోడల్ పని. ఇది కాగితం మీది గొడవ కాదండీ. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాలు కలిగించే పరాన్నజీవి ఫిల్టర్లు దాటి కుళాయిల్లోకి వచ్చేసి దాదాపు 4 లక్షల మంది జబ్బుపడ్డారు.

ఇక ఉద్యోగాల సంగతి. మన దగ్గర నీటి కంపెనీల్లో ఎక్కువ డిజైన్లు ఉన్న నిబంధనల ప్రకారం చేసేవే, మోడల్ రాసేవాళ్లను వాళ్లు పనిగట్టుకుని వెతకరు. కాబట్టి థీసిస్ పేరు చూసి ఎవరో పిలుస్తారని ఆశ పెట్టుకోవద్దు. కానీ ఆ మోడల్‌ని పైథాన్‌లో రాసి, లాబ్‌లో ఇసుక కాలమ్ (ఇసుక నింపిన నిలువు గొట్టం) పెట్టి, బయటికొచ్చే నీటి టర్బిడిటీని (మురికిదనాన్ని) గంటగంటకూ కొలిచి, గ్రాఫుని లెక్కతో సరిపోల్చిన అమ్మాయికి దారులు చాలానే ఉంటాయి. దాదాపు ఇదే గణితం ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల్లో పదార్థాల్ని వేరుచేసి శుద్ధిచేసే క్రోమాటోగ్రఫీ కాలమ్‌లలో నడుస్తుంది, హైదరాబాద్‌లో వాటికి కొదవ లేదు. భూగర్భజలాల్లో కాలుష్యం ఎంత దూరం పోతుందో చెప్పేవాళ్లకూ, ఎయిర్ ఫిల్టర్లు చేసేవాళ్లకూ ఇదే కావాలి. పీహెచ్‌డీ వైపు మొగ్గితే ఐఐటీలున్నాయి, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) ఉంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 సవరణ ప్రకారం నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ వేరు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే పబ్లిక్ హెల్త్ విభాగం ఇంజినీరు పోస్టులకు ఈ థీసిస్ అక్కర్లేదు, పరీక్షకు విడిగా చదవాల్సిందే, ఆ విషయం అమ్మాయికి ముందే స్పష్టంగా చెప్పండి.

డేటా సైన్స్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. నమ్‌పై, సైపై అనే పైథాన్ లెక్కల ప్యాకేజీలు, కర్వ్ ఫిట్టింగ్, ఎర్రర్ లెక్కించడం ఇవన్నీ ఈ థీసిస్‌లోనే వస్తాయి, అదీ తన చేత్తో కొలిచిన డేటా మీద. థీసిస్ అయ్యాక ఇంకా కావాలనిపిస్తే అప్పుడు చూడొచ్చు.

ఈ వారం అమ్మాయి గైడ్‌ని కలిసినప్పుడు రెండు విషయాలు అడగమనండి: లాబ్‌లో కాలమ్, టర్బిడిటీ మీటర్ పనిచేసే స్థితిలో ఉన్నాయా, ప్రయోగాలకు కనీసం మూడు నెలలు దొరుకుతాయా? కంప్యూటర్ మీద మోడల్ చాలు, ప్రయోగం వద్దు అని ఆయనంటే, దగ్గర్లోని నీటిశుద్ధి కేంద్రం నుంచి రోజువారీ టర్బిడిటీ, హెడ్ లాస్ రికార్డులు తెప్పించడానికి కాలేజీ తరఫున ఉత్తరం ఇమ్మని అడగమనండి.