సోడియం సరిచేసేది డాక్టరా, డైటీషియనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. మా నాన్న కిడ్నీ జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు సోడియం తగ్గింది, పొటాషియం పెరిగింది అనే మాటలు విని, అవి సరిచేసే చదువే చదువుతానంటోంది. డైటీషియన్ కోర్సులో చేర్పించమంటారా?
- ఓ తండ్రి, అనంతపురం

జవాబు: చేర్పించండి. కానీ ముందు ఒక సంగతి అమ్మాయికి తెలియాలి. సెలైన్‌లో ఏం కలపాలి, ఎంత వేగంగా ఎక్కించాలి అన్నది డాక్టరు రాయాల్సిందే. బాగా పడిపోయిన సోడియాన్ని గబగబా పెంచితే మెదడు దెబ్బతినొచ్చు. అందుకే 24 గంటల్లో ఆ పెరుగుదలను లీటరు రక్తానికి 8-10 మిల్లీమోల్స్ (సోడియాన్ని కొలిచే లెక్క) దాటనివ్వరు.

మరి డైటీషియన్ పనేంటి? పొటాషియం పెరిగిన కిడ్నీ పేషెంటుకు చుట్టాలు ప్రేమగా కొబ్బరినీళ్లు తెస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ. బీపీకి మంచిదని ఇంట్లో లో సోడియం ఉప్పు వాడతారు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్! ఇక రాగి సంగటి మానేయమంటే మన సీమ పెద్దాయన వింటారా? ముద్ద ఎంత తినొచ్చు, కూరగాయ ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు ఎందుకు పారబోయాలి... ల్యాబ్ రిపోర్టు చదివి వంటింటి మాటల్లో చెప్పేది డైటీషియనే. ఐసీయూలో ముక్కు గొట్టంతో ఇచ్చే ఆహారానికి కేలరీలు, ప్రొటీన్ లెక్క కట్టేదీ ఆమే. రోజుల తరబడి తిండి లేనివాళ్లకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు రావొచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అది ముందే పసిగట్టి ‘కొంచెం కొంచెంగా మొదలుపెడదాం సార్’ అనగలిగితేనే వార్డులో ఆమె మాటకు విలువ.

అంటే కెమిస్ట్రీ తప్పదు. సన్నబడే చిట్కాల చదువనుకుని చేరి, బయోకెమిస్ట్రీ దగ్గర తెల్లమొహం వేసినవాళ్లను చూశాను.

బీఎస్సీ న్యూట్రిషన్, ఎమ్మెస్సీ, ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. దారి ఇదీ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది, గురి అటు పెట్టుకోవచ్చు. డిగ్రీ కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగు చూసి మురిసిపోకండి. పిల్లల్ని ఏ ఆస్పత్రికి, ఎన్ని వారాలు పంపుతారో అడగండి.

మనసు సెలైన్, మందుల వైపే ఉంటే ఆరేళ్ల ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చూడండి. ఈఏపీసెట్ ద్వారా సీటొస్తుంది, చివరి ఏడాదంతా ఆస్పత్రిలోనే. అక్కడా చివరి సంతకం డాక్టరుదే అనుకోండి.

డైటీషియన్‌కు మొదట్లో జీతం పెద్దగా ఉండదు. మంచి అవకాశాలు బెంగళూరు, హైదరాబాద్ పెద్దాస్పత్రుల్లోనే ఎక్కువ. అమ్మాయిని అంత దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటారా? ఫీజు కట్టకముందే ఆ మాట తేల్చుకోండి.