ఫైండ్‌లో ఫోల్డర్ వద్దనుకుంటే ప్రూన్ వాడండి, నాట్ పాత్ వద్దు

అడిగింది ఇదీ: "లినక్స్‌లో ఫైండ్ కమాండ్‌తో ఫైళ్లు వెతికేటప్పుడు నోడ్ మాడ్యూల్స్ లాంటి ఫోల్డర్లను వదిలేయాలి. నాట్ పాత్ (ఈ దారిలోవి వద్దు అనే షరతు) పెడితే చాలు కదా?"

చాలదు. ఎక్కడ చూసినా జనం అదే చెబుతారు, అందరూ దానికే లైక్ కొడతారు. ఫలితం సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నాట్ పాత్ పెట్టినా ఫైండ్ ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అడుగు దాకా దిగుతుంది, ప్రతి పేరూ చదువుతుంది, తర్వాత ప్రింట్ చేయకుండా ఊరుకుంటుంది. పెళ్లికి పిలవకూడదనుకున్న వాళ్లింటికి కూడా వెళ్లి, కూర్చుని కాఫీ తాగి, శుభలేఖ మాత్రం ఇవ్వకుండా వచ్చినట్టు.

మా పాత టీమ్‌లో ఒక తమ్ముడున్నాడు. ఒక రాత్రి ఫోన్ చేశాడు. క్లయింట్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది, పెద్ద లాగ్ ఫైళ్లు ఎక్కడున్నాయో వెతుకుతున్నాడు. అక్కడే స్కాన్లు అని ఒక ఫోల్డర్, ఏళ్ల తరబడి బిల్లులు, రోజుకో సబ్ ఫోల్డర్. దాన్ని నాట్ పాత్‌తో తప్పించానన్నాడు. కర్సర్ మాత్రం మెరుస్తూ ఉంది, ఒక్క లైనూ రాదు. ఇంకో టెర్మినల్ తెరిచి ఆ ప్రాసెస్ మీద ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ లోపల ఏం చేస్తోందో చూపించే పనిముట్టు) పెట్టమన్నాను. ఓపెన్‌ఎట్, గెట్‌డెంట్స్ లైన్లు, అంటే ఫోల్డర్ తెరిచి పేర్లు చదివేవి, జలపాతంలా పడుతున్నాయట, వాటి మధ్యలో తేదీల పేర్లు. "అన్నా, వద్దన్న ఫోల్డర్‌లోనే తిరుగుతోంది!" అన్నాడు. తిరగక ఏం చేస్తుంది మరి!

అప్పుడు ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నా: ఫైండ్, స్పేస్, చుక్క, మైనస్ నేమ్ స్కాన్లు, మైనస్ ప్రూన్, మైనస్ ఓ, మైనస్ టైప్ ఎఫ్, మైనస్ సైజ్ ప్లస్ 500 ఎం, మైనస్ ప్రింట్. ప్రూన్ అంటే ఆ గుమ్మం దగ్గరే వెనక్కి తిరగమని. మైనస్ ఓ అంటే "లేదా". టైప్ ఎఫ్ అంటే మామూలు ఫైళ్లు, ప్లస్ 500 ఎం అంటే 500 ఎంబీ కంటే పెద్దవి. చివరి ప్రింట్ మర్చిపోతే, వదిలేయమన్న ఫోల్డర్ పేరు కూడా లిస్టులో కనిపిస్తుంది. "ప్రూన్ పనిచేయట్లేదు" అని ఏడ్చేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

మిగతా సగం నేమ్ బదులు మైనస్ పాత్ వాడి, అక్కడ పడతారు. చుక్కతో మొదలుపెడితే పాత్‌లోనూ చుక్క, స్లాష్ ఉండాలి. చివర స్లాష్ పెడితే అసలు మ్యాచ్ కాదు. ట్యాబ్ కొడితే షెల్ ఆ స్లాష్‌ని తనే తగిలిస్తుంది, ఆ ఉపకారం ఎవరడిగారో! ఒకటి కంటే ఎక్కువ ఫోల్డర్లుంటే పేర్ల మధ్య మైనస్ ఓ పెట్టి, మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టండి, ప్రతి బ్రాకెట్ ముందూ బ్యాక్‌స్లాష్ ఉండాలి.

ఇంతా చేస్తే, ఆ స్కాన్లు ఫోల్డర్ వేరే మెషీన్ నుంచి ఎన్ఎఫ్ఎస్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా, మౌంట్ చేసినదని తర్వాత తేలింది. నిండింది ఈ డిస్క్ అయినప్పుడు అక్కడ వెతకడమే దండగ. మైనస్ ఎక్స్‌దేవ్ అని ఒక్క మాట పెడితే ఫైండ్ వేరే ఫైల్ సిస్టమ్‌లోకి దిగదు. డిస్క్ నిండినప్పుడు మొదట వాడాల్సింది అదే, కానీ ఇంటర్వ్యూల్లో దాని గురించి ఒక్కరూ అడగరు.

ఫైళ్ల లోపలి మాటలు వెతికే రిప్‌గ్రెప్ ఉండగా ఇదంతా ఎందుకు అనేవాళ్లకు ఒక మాట. అది గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోవద్దన్న ఫైళ్ల లిస్టు) ఉన్నవాటినీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్లనూ మనం అడక్కుండానే వదిలేస్తుంది. డాట్ ఎన్వ్ ఫైల్‌లో ఉన్న పాస్‌వర్డ్ కోసం వెతికి "ఎక్కడా లేదు" అని తేల్చేసే మహానుభావులను చాలామందిని చూశాను.

దొరికిన ఫైళ్లను చెరిపేయాలనుకుంటే ప్రూన్ పక్కన మైనస్ డిలీట్ పెట్టకండి. డిలీట్ ఉంటే ఫైండ్ లోపలి నుంచి పైకి వస్తుంది, అప్పుడు ప్రూన్‌కి విలువ లేదు. ఇప్పటి గ్నూ ఫైండ్ ఆ రెండూ కలిస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్రింట్ జీరోతో ఎక్స్‌ఆర్గ్స్ (వచ్చిన పేర్లను ఇంకో కమాండ్‌కి అందించేది) మైనస్ జీరోకి పంపి, అక్కడ చెరిపేసే ఆర్ఎం పెట్టండి. ముందు ఆర్ఎం బదులు ఎల్ఎస్ పెట్టి లిస్టు చూసుకోండి.