మిరప టిక్కీ ఎలా కాలుతుందో చూశావా?

బాబూ,

నీ నవల ప్రింటవుట్ అందింది. మేడమ్ అని రాశావు, మా విజయవాడ కృష్ణలంక వీధిలో పిల్లలంతా నన్ను అమ్మమ్మా అంటారు, నీకు ఏది నోటికొస్తే అలా పిలువు. రెండు రాత్రులు కూర్చుని చదివాను, కరెంటు పోతే టార్చి పెట్టుకుని కూడా చదివాను, కాబట్టి కథలో పట్టు ఉందనే లెక్క. ఇక తిట్లు మొదలుపెడతాను.

మొదటిది వాన. 31 అధ్యాయాలకి 19 చోట్ల వాన కురిపించావు, అదీ గుంటూరులో, మిరపకాయల సీజన్‌లో! కల్లంలో కాయలున్నప్పుడు అంత వాన పడితే నీ కథలో ముందు ఏడవాల్సింది హీరో కాదురా, రైతులు. నియో నోయిర్ అని ఉత్తరంలో నాలుగుసార్లు రాశావు. నియో అంటే కొత్త, నోయిర్ అంటే ఫ్రెంచిలో నలుపు, అప్పటి హాలీవుడ్ నేర కథల సినిమాలు చూసి 1946లో ఫ్రెంచి విమర్శకులు తగిలించిన పేరు. ఆ సినిమాల్లో ఊళ్ళకి తడిసిన రోడ్డూ వీధి దీపమూ సరిపోయాయి. మనకి ఏప్రిల్ మధ్యాహ్నం ఉంది కదా. 44 డిగ్రీల ఎండ, సగం దించిన షట్టర్లు, బ్రాడీపేట లైన్లలో ఒక్క మనిషి ఉండడు, ఉన్నవాడి నీడ కూడా వాడి కాళ్ళ కిందకి దూరిపోయి ఉంటుంది. ఆ వెలుతురులో తప్పు చేసినవాడు ఎక్కడ దాక్కుంటాడో రాసి చూడు.

మిరపకాయలు దాచే ఆ కోల్డ్ స్టోరేజీ నీ కథకి గుండెకాయ. కానీ దాని తలుపు నువ్వు ఒక్కసారి కూడా తెరవలేదు. లోపల 10 డిగ్రీల లోపు చలి, బయట నిప్పులు, ఆ గడప మీద 40 కిలోల పైచిలుకు టిక్కీ, అదే మిరపకాయల గోనె బస్తా, వీపున పెట్టుకుని హమాలీ ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకుంటాడు. మొహానికి తువాలు కట్టుకున్నా దగ్గు ఆగదు. సాయంత్రం ఎన్ని చెంబులు పోసుకున్నా మెడ మంట పోదు. నువ్వు వెళ్ళి చూడలేదని నాకు రెండో పేజీలోనే తెలిసిపోయింది. ఊరి చుట్టూ అన్ని ఉన్నాయి, ఎవరినైనా బతిమాలుకుని ఒక పూట నిలబడు.

ఇప్పుడు అసలు సంగతి. కోల్డ్ స్టోరేజీ తగలబెట్టింది హీరో వాళ్ళ నాన్నే అని 28వ అధ్యాయం దాకా దాచావు. నేను ఆరో అధ్యాయంలోనే పట్టేశాను, నువ్వు దాస్తున్న కొద్దీ నాకు చిరాకేసింది, ఎందుకంటే ఆ దాచడానికే నీ ఓపికంతా ఖర్చయిపోయి మనుషుల్ని చూడటం మానేశావు. మొదటి అధ్యాయంలోనే చెప్పెయ్. నాన్న తగలబెట్టాడు, లోపల వాచ్‌మన్ ఉన్నాడని తెలియదు, కొడుకు చూశాడు, అంతే. దాచాల్సింది నా దగ్గర కాదు, ఆ వాచ్‌మన్ కూతురి దగ్గర. నాకు తెలిసి ఆ అమ్మాయికి తెలియకపోతే వాళ్ళిద్దరూ టీ తాగినా నాకు టెన్షనే.

మిరప టిక్కీ ఎలా కాలుతుందో చూశావా? భగ్గుమని మండి ఊరుకోదు, లోపల్లోపల రగులుతుంది. ఫైరింజను నీళ్ళు కొట్టి వెళ్ళిపోయాక కూడా రోజుల తరబడి పొగ వస్తూనే ఉంటుంది, ఆ ఘాటుకి చుట్టుపక్కల వాళ్ళు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని చుట్టాలిళ్ళకి పోతారు. నువ్వేమో మంటలు రాసి, మరుసటి అధ్యాయానికి 'మూడేళ్ళ తర్వాత' అని పెట్టావు. ఆ పొగ ఉన్న వారమంతా వదిలేశావు. ఆ వారం వాళ్ళింట్లో ఎవరు అన్నం తిన్నారు?

ఎందుకు తగలబెట్టాడన్నది కూడా 'ఇన్సూరెన్స్ కోసం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. రైతు సరుకు లోపల పెడితే బాండు ఇస్తారు, ఆ బాండు మీద బ్యాంకులో అప్పు పుడుతుంది, రైతు పేరు పెట్టి వేరేవాళ్ళు ఎత్తే అప్పులూ ఉంటాయి. బాండ్ల మీద ఉన్న టిక్కీలు లోపల లేవనుకో, తనిఖీకి వచ్చేలోపు అది కాలిపోవాల్సిందే. ఆ బాండ్లలో ఒకటి వాచ్‌మన్ పేరు మీద, అతని వేలిముద్రతో ఉందని పెట్టి చూడు. సెంటు భూమి లేని మనిషి చనిపోయాక, మిరప పంట అప్పు కట్టమని వాళ్ళింటికి బ్యాంకు నోటీసు వస్తుంది. అది పట్టుకుని ఆ అమ్మాయి, చదువుకున్నవాడు కదా అని, నీ హీరో దగ్గరికే వస్తుంది. ప్రేమ అక్కడ మొదలవ్వాలి. నువ్వు రాసినట్టు శంకర్ విలాస్ సెంటర్లో స్కూటీ గుద్దుకుని కాదు.

కుటుంబ పాపం గురించి నాకు కాస్త తెలుసు. మా నాన్న గుంటూరులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఒక ఏడు షావుకారు చెప్పాడని ఒక రైతు పట్టీలో, అంటే సరుకు అమ్మిన లెక్క కాగితంలో, తూకం తరుగు ఉన్నదానికంటే ఎక్కువ రాశాడు. ఆ ఏడే ఆ రైతు పురుగుమందు తాగాడు. ఆ పట్టీ వల్లే అని ఎవరూ అనలేరు, కాదని నాన్న అనుకోలేకపోయాడు. అప్పటినుంచి ప్రతి సంక్రాంతికీ వాళ్ళింటికి 25 కిలోల బియ్యం, అందులో ఒక బెల్లం అచ్చు, పిల్లవాడికి చొక్కా గుడ్డ. అమ్మ దబ్బనంతో బస్తా మూతి కుట్టేది, ఆ పని మాత్రం మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. పక్కింటివాళ్ళు నాన్నని ధర్మాత్ముడనేవాళ్ళు. ఆ మాట వినపడగానే నాన్న లేచి పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు. మాకు అసలు విషయం చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది, మిరపకాయలకి తొడిమలు తీస్తూ, తలెత్తకుండా. అందుకే నీ కథలో తండ్రి రాత్రిళ్ళు విస్కీ తాగి గోడకి తల బాదుకుంటుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అలాంటి మనిషి గుడికి సున్నం వేయిస్తాడు, వాచ్‌మన్ కూతురి ఫీజు కడతాడు, ఆ పిల్ల వచ్చి కాళ్ళకి దండం పెడితే తీసుకుంటాడు.

ప్రేమ సీన్లలో ఒక్కటి బాగుంది, ఇద్దరూ విజయవాడ పాసింజర్‌లో వెళ్ళేది. కానీ దాన్ని పేజీన్నరలో తోలేశావు. 32 కిలోమీటర్ల ప్రయాణం, మంగళగిరి దాటాక కృష్ణా కెనాల్ దగ్గర ప్లాట్‌ఫారం ఖాళీ లేదని బండి నిలబడిపోతుంది, నీకు తెలియనిది కాదు. ఫ్యాన్ తిరగదు. పల్లీలవాడు రెండుసార్లు వచ్చి వెళతాడు. అతనికి చెప్పడానికి ఇరవై నిమిషాలు దొరికాయి. ఆమె నోటీసు మడత విప్పుతుంది, మళ్ళీ మడుస్తుంది, కిటికీ ఊచ మీద తుప్పు గోకుతుంది. అతను నోరు తెరిచేసరికి బండి కదులుతుంది. దీనికి పది పేజీలు ఇవ్వు, నేను విసుక్కోను.

ముగింపులో ఆ అమ్మాయిని ప్రకాశం బ్యారేజీ మీంచి దూకించావు. తీసెయ్. 70 గేట్లున్నాయని ప్రతి కథవాడూ ఒకరిని అక్కడికే తీసుకొస్తే ఎలా? పైగా పాపం ఒకరిది, చావు ఆమెదా? ఏం పెట్టాలని నన్నడగకు, నాకు తెలిసిన ముగింపు ఒక్కటే. నాన్న పోయిన ఏడు సంక్రాంతికి బస్తా వెళ్ళలేదు. పండగైన పది రోజులకి ఆ రైతు కొడుకు, మీసాలొచ్చిన కుర్రాడు, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "గుమస్తాగారికి ఒంట్లో బాగోలేదా అండీ" అన్నాడు. వాళ్ళ చేలో కాయలట, ఒక సంచీ నిండా ఎండుమిరపకాయలు తెచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆ కాయలు వండనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. మూడో ఏట సున్నాలకని అటక దించినప్పుడు చూశాను, అన్నీ తెల్లబడిపోయి ఉన్నాయి.

ప్రింటవుట్ పోస్టులో వేయను, బరువు. పెన్సిల్ గీతలు నావి, 112వ పేజీలో పప్పుచారు మరక కూడా నాదే. శనివారం వచ్చి తీసుకెళ్ళు. బస్సు వద్దు, పాసింజర్‌లో రా.