అయిదు పేజీల వెబ్‌సైట్‌కు ఫ్రేమ్‌వర్క్ అవసరమా?

ప్రశ్న: మాకు చేనేత చీరల దుకాణం ఉంది. దుకాణం పరిచయం, చీరల ఫొటోలు, చిరునామా వంటివాటితో అయిదు పేజీల వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటున్నాము. అమ్మకాలు ఫోన్‌లోనే జరుగుతాయి. ఒక డెవలపర్ రియాక్ట్ అనే ఫ్రేమ్‌వర్క్‌తోనే చేయాలంటున్నారు. డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి వెబ్ పేజీలు రాసే మామూలు భాష హెచ్‌టీఎంఎల్ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మీరు చెప్పిన పనికి మీ అబ్బాయి మాటే సరైనది. ఫ్రేమ్‌వర్క్ (సైట్ కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్ చట్రం) కావాలా వద్దా అన్నది పేజీల సంఖ్యను బట్టి కాక, పేజీ తెరిచిన తరువాత అందులో ఏమేమి మారుతుంటాయన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఫేస్‌బుక్ సంస్థ 2013లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన రియాక్ట్, సమాచారం క్షణక్షణం మారే తెరలకు బాగా పనికివస్తుంది (దాని తయారీదారులు దాన్ని లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడ్ ముక్కల సంపుటి, అనే అంటారు గాని, వాడుకలో ఫ్రేమ్‌వర్కుల సరసన చేరిపోయింది). మీ పేజీల్లో నొక్కిన ఫొటో పెద్దదై కనిపించడం తప్ప మారేదేమీ లేదు. దానికి, పేజీలో మార్పులు చేయించే భాష అయిన జావాస్క్రిప్ట్ కొద్ది వరుసలు చాలు. ఫోన్ తెరకు తగినట్టు ఫొటోలను సర్దడం, 2017లోనే ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చిన, పేజీ అమరికను చూసుకునే సీఎస్ఎస్ గ్రిడ్‌తో అయిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలను కుదించకుండా ఎక్కిస్తే మాత్రం ఏ ఫ్రేమ్‌వర్క్ వాడినా పేజీ నెమ్మదిగానే తెరుచుకుంటుంది.

ఇంతకంటే ముఖ్యమైనది నిర్వహణ. 2010లో వచ్చి ఎంతో పేరు తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌జేఎస్‌కు గూగుల్ 2021 డిసెంబరుతో మద్దతు ఆపివేసింది. దానితో కట్టిన సైట్ల యజమానులు వాటిని తిరగరాయించుకోవడమో, గూగుల్ నుంచి భద్రతా సవరణలు రాకపోయినా అలాగే నడుపుకోవడమో తేల్చుకోవలసి వచ్చింది. అదే, సెర్న్ పరిశోధన సంస్థ భద్రపరచిన మామూలు హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న తొలి వెబ్‌సైట్ తాలూకు 1992 నాటి నకలు నేటి బ్రౌజర్లలోనూ చక్కగా తెరుచుకుంటుంది.

ఫోన్ నంబరు మారితే అయిదు పేజీల్లోనూ విడివిడిగా దిద్దాలి కదా అని మీ డెవలపర్ అనవచ్చు. అది నిజమే గాని, అయిదు పేజీలకు పెద్ద పనేమీ కాదు. పేజీలు యాభై దాటితే హ్యూగో వంటి స్టాటిక్ సైట్ జనరేటర్ (పేజీలన్నిటినీ ముందే తయారుచేసిపెట్టే సాధనం) ఉమ్మడి భాగాన్ని ఒక్కచోటే దిద్దుకోనిస్తుంది. సర్వర్‌కు చేరేది అప్పుడూ మామూలు హెచ్‌టీఎంఎలే.

కొనేవారు సైట్‌లోనే డబ్బు చెల్లించాలని, అమ్ముడైన చీరల లెక్క సైటే చూసుకోవాలని మీరు కోరుకున్ననాడు పరిస్థితి వేరు. లాగిన్, చెల్లింపుల వంటివాటిని మొదటినుంచీ సొంతంగా రాసుకోవడం ప్రమాదకరం కనుక, అప్పుడు జాంగో, లారవెల్ వంటి ఫ్రేమ్‌వర్క్‌నో, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు జోడించే అమ్మకాల సాధనం వూకామర్స్‌నో ఆశ్రయించడం మేలు. ప్రస్తుతానికి, రియాక్ట్ లేకపోతే మీ సైట్‌లో ఏ పని ఆగిపోతుందో ఆ డెవలపర్‌నే అడగండి. ఆయన ఫలానా పని అని చూపలేకపోతే, సైట్‌ను మీ అబ్బాయికే అప్పగించండి.