జనం తక్కువ, క్యూ పొడుగు: 2020లో విమానాలు మళ్ళీ మొదలైనప్పుడు

మీరు అడిగినవి రెండు. కరోనా లాక్‌డౌన్ తర్వాత విమానాలు మొదలైనప్పుడు ప్రయాణికులు అంత తక్కువగా ఉన్నా ఎయిర్‌పోర్టుల్లో క్యూలు ఎందుకు అంత పొడుగ్గా ఉన్నాయి, పెద్దవాళ్ళను తీసుకెళ్ళినవాళ్ళ అనుభవం ఏమిటి అని. 2020 జూన్‌లో మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చాను కాబట్టి రెండింటికీ చెప్పగలను.

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. దూరం పాటించడం, వైరస్ భయం కారణాలే, కాదనను. కానీ అసలు కారణం వేరు. అంతకు ముందు ఎయిర్‌పోర్టులో మన కోసం పని చేసిపెట్టే మనుషులు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళను తీసేసి, ఆ పనిని మన చేతిలో, మన ఫోన్లో పెట్టారు. ఆ పని చేతనైనవాళ్ళు త్వరగా వెళ్ళిపోయారు. చేతకానివాళ్ళు ఆగిపోయారు, వాళ్ళ వెనక ఉన్నవాళ్ళందరూ ఆగిపోయారు.

అప్పటి పరిస్థితి కొంచెం గుర్తు చేస్తాను. 2020 మార్చి 25 నుంచి దేశంలో విమానాలు ఆగిపోయాయి. రెండు నెలలకు, మే 25న, వేసవి షెడ్యూల్‌లో మూడో వంతు సర్వీసులతో మళ్ళీ మొదలుపెట్టారు. కరోనాకు ముందు రోజుకు దాదాపు 4 లక్షల మంది దేశీయ విమానాలు ఎక్కేవాళ్ళు. మళ్ళీ మొదలైన రోజున 532 విమానాలు నడిస్తే 39,231 మంది ప్రయాణించారు. పదిమందిలో ఒక్కరన్నమాట. కొన్ని రాష్ట్రాలు అప్పుడే వద్దన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజు ఆలస్యంగా 26న, తుఫాను దెబ్బ తిన్న పశ్చిమ బెంగాల్‌లో 28న మొదలయ్యాయి. దాంతో మొదటి రోజు వందల విమానాలు చివరి గంటల్లో రద్దయి, ఎయిర్‌పోర్టు దాకా వచ్చినవాళ్ళు గేటు బయటే నిలబడిపోయారు.

సర్వీసులు తగ్గినప్పుడు తలుపులు కూడా తగ్గాయి, ఇది చాలామంది గమనించలేదు. ఢిల్లీలో దేశీయ విమానాలన్నీ టెర్మినల్ 3 నుంచే నడిపారు. ముంబయిలో టెర్మినల్ 2 నుంచే. మిగతా టెర్మినళ్ళు నెలల తరబడి మూసే ఉన్నాయి. పైగా విమానం బయలుదేరడానికి నాలుగు గంటల లోపు ఉంటేనే లోపలికి పంపించేవాళ్ళు. చెక్‌లు ఎన్ని ఉంటాయో తెలియక జనమేమో ఇంకా ముందే వచ్చేసేవాళ్ళు. లోపల హాలు ఖాళీగా ఉండేది, బయట రోడ్డు పక్కన మాత్రం వరుస కనిపించేది. టీవీల్లో చూపించింది ఆ వరుసనే.

ఇక మా సంగతి. మేముండే ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క చోటి లోపం కాదు. అమ్మ మనవడిని చూడటానికి ఫిబ్రవరిలో మా దగ్గరికి వచ్చి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయింది. ఆమెకు షుగర్, మోకాళ్ళ నొప్పులు. నల్గొండలో నాన్న ఒక్కడే. జూన్ 1 నుంచి ప్రత్యేక రైళ్ళు నడుస్తున్నాయి కానీ అంతసేపు బోగీలో కూర్చోబెట్టడానికి ధైర్యం చాలలేదు. పెద్ద వయసు వాళ్ళు ప్రయాణం మానుకోవడం మంచిదని ప్రభుత్వం సలహా ఇచ్చింది, అది కూడా తెలుసు. మందులు అందించే మనిషి కూడా లేకుండా నాన్న ఇంకెన్నాళ్ళు ఉంటాడు?

మొదట బుక్ చేసిన విమానం రద్దయింది. డబ్బు తిరిగి ఇవ్వకుండా, తర్వాత టికెట్‌కు వాడుకోండని క్రెడిట్ షెల్ పేరుతో ఆ ఎయిర్‌లైన్ తన దగ్గరే ఉంచుకుంది. ఫోన్ చేస్తే ఎత్తే మనిషి లేడు, చాట్‌లో జవాబిచ్చేది యంత్రం. ఈ రీఫండ్ల గొడవ దేశమంతా నడిచి, చివరికి 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో ప్రయాణానికి లాక్‌డౌన్‌లోనే బుక్ చేసినవాళ్ళకు మొత్తం డబ్బు ఇవ్వాలని, ముందే బుక్ చేసినవాళ్ళకు కూడా ఇవ్వాలని, ఎయిర్‌లైన్ దగ్గర డబ్బు లేకపోతే 2021 మార్చి 31 వరకు వాడుకునే క్రెడిట్ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చేదాకా సామాన్యుడికి చేతిలో ఏ ఆధారమూ లేదు. మేం మళ్ళీ డబ్బు పెట్టి ఇంకో టికెట్ కొన్నాం. టికెట్ ధరలకు ప్రభుత్వం హద్దులు పెట్టడం మాత్రం మేలు చేసింది. ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు శ్రేణులుగా విడగొట్టి, ఉదాహరణకు ఢిల్లీ-ముంబయి టికెట్ 3,500 నుంచి 10,000 రూపాయల మధ్యే ఉండాలన్నారు. ఆ కట్టడి లేకపోతే ఆ మూడో వంతు సీట్లకు ఎంత అడిగేవాళ్ళో!

అప్పట్లో వెబ్ చెక్-ఇన్ తప్పనిసరి. బోర్డింగ్ పాస్, బ్యాగు ట్యాగు ఇంట్లోనే ప్రింట్ తీసుకోవాలి. మా వీధిలో జిరాక్స్ షాపులన్నీ మూసి ఉన్నాయి. ప్రింట్ లేకపోతే గట్టి కాగితం మీద పేరు, పీఎన్ఆర్ రాసి బ్యాగుకు దారంతో కట్టుకోవచ్చని నిబంధనల్లో ఉంది. చెప్పుల పెట్టె అట్ట కత్తిరించి స్కెచ్ పెన్‌తో రాసి కట్టాం. ఒక్కొక్కరికి ఒకే చెక్-ఇన్ బ్యాగు. అమ్మ ఊరికి తీసుకెళ్దామనుకున్నవి సగం ఇక్కడే వదిలేసింది.

గేటు దగ్గర మొదటి అడ్డంకి ఆరోగ్యసేతు, అంటే కరోనా కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ యాప్. అమ్మది బటన్ ఫోన్. యాప్ లేనివాళ్ళు స్వీయ ప్రకటన పత్రం ఇస్తే సరిపోతుందని రూల్ స్పష్టంగా ఉంది. కానీ గేటు దగ్గరున్నతనికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. "యాప్ చూపించండి" తప్ప ఇంకో మాట లేదు. పై అధికారిని పిలిచి, ఆయన వచ్చి సరేననే దాకా వెనక వరుసంతా కదల్లేదు. ఆ అరగంటలో నాకు విషయం అర్థమైంది. మా ముందు మాలాగే ఆగిన ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన చేతిలో ఫోన్ ఉంది, బోర్డింగ్ పాస్ ఎక్కడుందో తెలియడం లేదు. కొడుకు దుబాయ్ నుంచి బుక్ చేసి వాట్సాప్‌లో పంపాడట. మామూలు రోజుల్లో అయితే కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆధార్ కార్డు చూసి రెండు నిమిషాల్లో పాస్ తీసి ఇచ్చేది. ఇప్పుడా అమ్మాయి లేదు, కౌంటర్ లేదు. ఆయనకు వెనకాల ఉన్న కుర్రాడు ఫోన్ ముట్టుకోకుండా దూరం నుంచే "పైన నొక్కండి తాతా, ఆ పచ్చ బొమ్మ" అని చెబుతున్నాడు. ముట్టుకోకూడదన్నది వైద్యపరంగా సరైన రూలే. కానీ ముట్టుకోకుండా సాయం చేసే ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఒక అద్దం వెనక ఒక్క మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఆ ఉదయం ఎంతమంది కాళ్ళకు విశ్రాంతి దొరికేదో!

వీల్‌చైర్ బుకింగ్‌లోనే పెట్టాం. లోపలికి వెళ్ళాక అడిగితే ఆగమన్నారు. కుర్చీలు గోడ పక్కన వరసగా ఉన్నాయి, తోసే మనుషులే లేరు. కూర్చుందామంటే సీట్లలో ఒకటి విడిచి ఒకటి అడ్డంగా టేపు వేశారు, మిగిలినవి నిండిపోయాయి. "కాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా" అని అమ్మ ఒక్కసారే అంది, తర్వాత అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. చివరికి నిండా పీపీఈ సూట్ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, హ్యాండిళ్ళు శానిటైజర్‌తో తుడిచి, అమ్మను కూర్చోబెట్టుకుంది. ఆ షిఫ్టులో ఇదివరకు చాలామంది ఉండేవాళ్ళమని, ఇప్పుడు కొద్దిమందినే రమ్మంటున్నారని, జీతం కూడా కోశారని నడుస్తూ చెప్పింది. ఆ సూట్‌లో ఆమెకు ఊపిరి ఆడటం లేదని గొంతులోనే తెలుస్తోంది. ఆలస్యానికి ఆ అమ్మాయిని తప్పు పట్టేవాళ్ళను చూశాను. అది అన్యాయం.

సెక్యూరిటీ దగ్గర నేను భయపడినంత లేదు. బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేయడం మానేశారు, గుర్తింపు కార్డు అద్దం అవతలి నుంచే చూశారు. చేతి సామానులో 350 మిల్లీలీటర్ల శానిటైజర్‌కు అప్పుడు అనుమతి ఉండేది. ఒక్కో ట్రే తుడిచి పెట్టేసరికి కొంత సేపు పట్టింది, అది అవసరమైన ఆలస్యం.

తిండి విషయం మాత్రం షుగర్ ఉన్నవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. విమానంలో భోజనం, స్నాక్స్ అన్నీ అప్పుడు ఆపేశారు, మంచినీళ్ళ సీసా తప్ప ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. లోపల షాపులు చాలా వరకు మూసి ఉన్నాయి. క్యూలో గడిపిన సమయం కూడా కలుపుకుంటే ఇంటి నుంచి బయలుదేరి దిగేదాకా చాలా గంటలు. అమ్మకు ఇడ్లీలు, కారప్పొడి డబ్బాలో పెట్టుకెళ్ళడం వల్ల బోర్డింగ్‌కు ముందే తినిపించి మాత్ర వేయగలిగాం. మా పక్కన ఒకావిడ బిస్కెట్ కోసం అందరినీ అడుగుతూ తిరిగింది. ప్యాక్ చేసిన భోజనం ఇవ్వడానికి ఆగస్టు చివరిలో గానీ అనుమతి రాలేదు.

ఎక్కే ముందు మాస్కు, ఫేస్ షీల్డ్, శానిటైజర్ ఇచ్చారు. మధ్య సీటు వాళ్ళకు పైన వేసుకునే గౌను కూడా. జూన్ 3 నుంచే ఆ రూల్ వచ్చింది. అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి గౌను నేను వేసుకున్నాను. వరుసల వారీగా దిగాలని మూడు భాషల్లో చెప్పినా చక్రాలు నేల తాకగానే సగం మంది లేచి నిలబడ్డారు. శంషాబాద్‌లో మాత్రం థర్మల్ కెమెరా ముందు నుంచి నడిచి, సామాను తీసుకుని త్వరగానే బయటపడ్డాం. లక్షణాలు లేనివాళ్ళను తెలంగాణలో ఇంటికి పంపించేవాళ్ళు. అదే ఆంధ్రప్రదేశ్‌లోని గన్నవరం వెళ్ళాల్సి ఉంటే ముందే ఆ రాష్ట్ర ప్రభుత్వ స్పందన వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుని అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, బయలుదేరిన ఊరిని బట్టి క్వారంటైన్ కూడా ఉండేది. అక్కడ కూడా ఫోన్ ఉన్నవాడిదే రాజ్యం.

సర్వీసులు తర్వాత మెల్లగా పెంచుకుంటూ వెళ్ళారు: జూన్ చివరికి 45 శాతం, సెప్టెంబర్‌లో 60, డిసెంబర్‌కు 80. రెండో వేవ్‌లో మళ్ళీ 50కి దించి, 2021 అక్టోబర్ 18 నుంచి పూర్తిగా వదిలేశారు. విమానాలైతే తిరిగి వచ్చాయి. మనుషులు అంత త్వరగా తిరిగి రాలేదు. ఇండిగో 2020 జూలైలోనే 10 శాతం సిబ్బందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 12,000 ఉద్యోగాల వరకు పోతాయని ఆ ఏప్రిల్‌లోనే చెప్పింది.

దాని ఫలితం 2022 వేసవిలో యూరప్ మొత్తం చూసింది. జనం ఒక్కసారిగా ప్రయాణాలు మొదలుపెట్టారు, బ్యాగులు ఎత్తేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు లేరు. కొత్తవాళ్ళను తీసుకుందామన్నా ఎయిర్‌పోర్టు పాస్ ఇవ్వాలంటే గత కొన్నేళ్ళ చిరునామాలు, ఉద్యోగాలు అన్నీ వెరిఫై చేయాలి, దానికి వారాలు, నెలలు పడుతుంది. లండన్ హీత్రో జూలై 12 నుంచి రోజుకు లక్ష మందికి మించి బయలుదేరకూడదని పరిమితి పెట్టి, ఎయిర్‌లైన్లను కొత్త టికెట్లు అమ్మొద్దని అడగాల్సి వచ్చింది. బ్రిటన్‌లో మరో ఎయిర్‌పోర్టు నుంచి చంటిపిల్లతో బయలుదేరిన మా అక్క కూతురు హైదరాబాద్ చేరింది కానీ ఆమె సామాను తర్వాతెప్పుడో వచ్చింది. పిల్ల బట్టలు, పాల సీసాలు అన్నీ అందులోనే. అక్కడ అప్పటికి దూరం పాటించమనే రూల్ లేదు, యాప్ చెక్ లేదు. అయినా క్యూ ఉంది. అందుకే అసలు కారణం మనుషుల కొరత అని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మళ్ళీ ఇలాంటి రోజులొస్తే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నా సలహా ఇది. టికెట్, గుర్తింపు కార్డు కాపీ, మందుల చీటీ, స్వీయ ప్రకటన అన్నీ కాగితం మీద ఒక కవర్లో పెట్టి వాళ్ళ చేతికే ఇవ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా, మీరు వరుసలో విడిపోయినా వాళ్ళు ఆగిపోకూడదు. మీకు వర్తించే రూల్ అధికారిక ఉత్తర్వులో ఎక్కడుందో ఆ పేజీ ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర వాదించడం కంటే చూపించడం తేలిక. వీల్‌చైర్ బుక్ చేసినా ఇంకో గంట అదనంగా లెక్క వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళ తిండి, మందులు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకండి.

ఎయిర్‌పోర్టులు నడిపేవాళ్ళను నేను కోరేది ఒకటే. యాప్‌లు పెట్టండి, ముఖం చూసి గేటు తెరిచే డిజియాత్ర కూడా పెట్టండి, పని త్వరగా అయ్యేవాళ్ళకు అవ్వనివ్వండి. దాని పక్కనే ఫోన్ లేనివాళ్ళ కోసం మనిషి కూర్చునే కౌంటర్ ఒకటి ప్రతి గేటు దగ్గరా ఉంచండి. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు అన్నిటికన్నా చివర మూసేది ఆ కౌంటర్ కావాలి.