గేమ్ షాపులో ఏ ఆటకు టేబుల్ ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?

కొన్ని గేమ్ షాపుల్లో వారమంతా కార్డు ఆటలే నడుస్తాయి, తలా ఒక పాత్ర తీసుకుని కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆటలకు మాత్రం ఒక్క టేబుల్ కూడా దొరకదు, ఎందుకని అడిగారు. యజమానులు ముందుగా చూసేది, ఆడేవాళ్లు అక్కడ కూర్చున్న సమయంలో ఏం కొంటారన్నదే.

1993లో వచ్చిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డు ఆటను తీసుకోండి. డ్రాఫ్ట్ పద్ధతిలో, అంటే అప్పటికప్పుడు ప్యాకెట్లు విప్పి కార్డులు ఎంచుకుని ఆడేటప్పుడు, ఒక్కొక్కరికీ మామూలుగా 3 బూస్టర్ ప్యాకెట్లు (ఏ కార్డులున్నాయో ముందు తెలియని చిన్న ప్యాకెట్లు) కావాలి. ఎనిమిది మంది కూర్చున్నారంటే 24 ప్యాకెట్లు అక్కడికక్కడే అమ్ముడైనట్టు. ఏడాదిలో చాలాసార్లు కొత్త కార్డుల సెట్లు వస్తాయి కాబట్టి వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ కొంటారు. తయారీ సంస్థ కూడా తన నెట్‌వర్క్‌లో చేరిన షాపులకు ప్రోమో కార్డులు (ప్రచారం కోసం ఇచ్చే ప్రత్యేక కార్డులు) ఇచ్చి ఈవెంట్లను ప్రోత్సహిస్తుంది.

రోల్‌ప్లేయింగ్ ఆట అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ లెక్క వేరు. అయిదారుగురు మూడు నాలుగు గంటలు టేబుల్ వదలరు, ఒకసారి కొన్న పుస్తకమే ఏళ్ల తరబడి సరిపోతుంది. అందుకే కొన్నిచోట్ల టేబుల్ ఫీజు తీసుకుంటారు. చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హ్యామర్ 40,000 అనే ఆటకు ఇద్దరు ఆడినా పెద్ద బల్ల కావాలి, కానీ బొమ్మలు, రంగులు బాగా అమ్ముడవుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆటను నడిపించే మనిషి ఒక ఎత్తు. నా ఉద్దేశంలో అదే అన్నిటికన్నా పెద్ద విషయం. ప్రతివారం తప్పకుండా వచ్చి కొత్తవాళ్లకు ఓపిగ్గా నేర్పేవాళ్లు ఉంటే, అమ్మకాలు తక్కువైనా చాలామంది యజమానులు చోటిస్తారు. మీరూ నలుగురిని కూడగట్టుకుని, రద్దీ లేని రోజు సాయంత్రం ఒక టేబుల్ ఇమ్మని అడిగి చూడండి.