బిల్ క్యాలహాన్ 'షెపర్డ్', డేవిడ్ బెర్మన్ 'పర్పుల్ మౌంటెన్స్': ఏది గొప్పది, ఏది ముందు వినాలి?

అమెరికన్ పాటగాళ్ళు బిల్ క్యాలహాన్, డేవిడ్ బెర్మన్ 2019లో నెల కూడా తిరక్కుండా ఒకరి వెనక ఒకరు తెచ్చిన ఈ రెండు ఆల్బమ్స్‌లో ('షెపర్డ్' పూర్తి పేరు 'షెపర్డ్ ఇన్ ఎ షీప్‌స్కిన్ వెస్ట్') ఏది బాగుంది, ఇద్దర్నీ ఎప్పుడూ విననివాళ్ళు దేంతో మొదలెట్టాలి అని అడిగారు కదా. ఇద్దర్నీ చాలా ఏళ్ళుగా వింటున్నా కాబట్టి నాకు అనిపించింది చెప్తా. ముందు జవాబు చెప్పేస్తా, పాటకి పాట పెట్టి చూస్తే బెర్మన్‌దే పైచేయి, మొదలెట్టడానికి కూడా అదే కరెక్ట్. కానీ చాలామంది చెప్పే కారణంతో మాత్రం కాదు.

ఎక్కువమంది ఏమంటారంటే క్యాలహాన్‌ది సంతోషం ఆల్బమ్, బెర్మన్‌ది దుఃఖం ఆల్బమ్, మీ మూడ్‌ని బట్టి వినండి అంటారు. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. ఇద్దరి జీవితాల్లో ఏం జరిగిందో చదివేసి పాటలు వినకుండానే అనేసే మాట అది.

కొంచెం వెనక కథ చెప్పాలి. ఇద్దరూ ఒక ఈడు వాళ్ళే, క్యాలహాన్ పుట్టింది 1966, బెర్మన్ 1967. ఇద్దరి రికార్డులూ వేసింది షికాగోలోని డ్రాగ్ సిటీ అనే రికార్డు కంపెనీయే. క్యాలహాన్ స్మాగ్ అనే పేరుతో సొంతంగా క్యాసెట్లు రికార్డ్ చేసుకుంటూ మొదలెట్టి 2007 నుంచి సొంత పేరుతో పాడుతున్నాడు, బెర్మన్ సిల్వర్ జ్యూస్ అనే బ్యాండ్ నడిపాడు, పైగా కవి, 1999లో 'యాక్చువల్ ఎయిర్' అని కవితల పుస్తకం వేశాడు. 2009 జనవరిలో టెనెసీలో ఒక గుహలో, నేల అడుగున, ఆఖరి షో చేసి ఇంక మ్యూజిక్ వద్దని మానేశాడు. మళ్ళీ పదేళ్ళకి వచ్చింది ఈ పర్పుల్ మౌంటెన్స్, అదే బ్యాండ్ పేరు, అదే ఆల్బమ్ పేరు. క్యాలహాన్ కూడా 2013లో 'డ్రీమ్ రివర్' తర్వాత కొత్త పాటల ఆల్బమ్ ఏదీ లేకుండా ఆరేళ్ళు ఉండిపోయాడు, మధ్యలో పెళ్ళి, కొడుకు, తర్వాత తల్లి చనిపోవడం, ఇవన్నీ జరిగాయి. అంటే యాభై దాటిన ఇద్దరు మనుషులు చాలాకాలం మాట్లాడకుండా ఉండి ఒకే వేసవిలో నోరు విప్పారన్నమాట. అందుకే ఈ రెండిట్నీ విడివిడిగా ఆలోచించడం నా వల్ల కాదు.

ఇప్పుడు అసలు విషయం. రెండు ఆల్బమ్స్‌లోనూ అమ్మ గురించి, ఆవిడ పోయాక రాసిన పాట ఒక్కోటి ఉంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే చాలు. బెర్మన్ పాట 'ఐ లవ్డ్ బీయింగ్ మై మదర్స్ సన్'. సన్, రన్, ఫ్రమ్, థమ్, మ్యాగ్జిమమ్, ఇలా పాట నిండా ఒకే శబ్దం మీద అంత్యప్రాసలు. నడక నేర్పింది, పరిగెడుతుంటే చూసింది, స్నేహితులంటూ ఎవరూ లేనప్పుడు కూడా నన్ను అర్థం చేసుకుంది, ఇంతే విషయం. అంత కవి అయ్యుండి చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు రాశాడు, ఒక్క బరువైన మాట లేదు. ఆ ప్రాస వదిలేస్తే ఇంక పాట పూర్తి చేయలేడేమో అన్నంత గట్టిగా దాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్తాడు. నాకు గొంతు పట్టేసేది అక్కడే, దుఃఖం గురించి చెప్పిన చోట కాదు, ప్రాస ఇంకా తప్పలేదు అని అనిపించిన చోట.

క్యాలహాన్ పాట 'సర్కిల్స్'. ఇది పూర్తిగా వేరే దారి. తల్లి చనిపోయాక ఆమె చేతులు రెండూ దగ్గరికి చేర్చి పెడతాడు, అలా చేయడంలో ఒక వలయం గీశానేమో అంటాడు, అది కూడా ఖాయంగా కాదు, అప్పుడే తట్టినట్టు. ప్రాస కోసం ఎక్కడా వెతుక్కోడు, వస్తే వచ్చింది లేకపోతే లేదు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టు పాడతాడు, పాట ఇప్పుడు పెద్దదవుతుంది అనుకునే సమయానికి అయిపోతుంది. మొదట్లో ఇదేంటి సగంలో ఆపేశాడు అనిపిస్తుంది, ఆల్బమ్ మొత్తం ఇంతే. 20 పాటలు, గంటకి పైనే ఉంటుంది, కానీ చాలా పాటలు మూడు నాలుగు నిమిషాల్లోపే ముగిసిపోతాయి. చెప్పాల్సింది అయ్యాక ఇంకో చరణం కలిపి గుండెలు పిండాలని చూడడు.

కాబట్టి నా లెక్క ప్రకారం ఇద్దరి మధ్య తేడా సంతోషం, దుఃఖం కాదు. బెర్మన్ దగ్గర ఇల్లు కూలిపోతోంది, అందుకని పాటని గట్టిగా కట్టాడు, పల్లవి, చరణం, ప్రాస, హుషారైన బాణీ, ఎక్కడా సందు లేకుండా. క్యాలహాన్‌కి ఇల్లు దొరికింది, కాబట్టి పాటని వదులుగా వదిలేయగలిగాడు. 'సన్ ఆఫ్ ది సీ'లో ఇదివరకు భయమేస్తే దాక్కునే గది ఇప్పుడు పసిపిల్లాడి గది అయిపోయిందంటాడు చూడండి, ఆ ఒక్క లైన్లో మొత్తం ఆల్బమ్ ఉంది నాకు. అలాగని అదంతా హాయిగా ఉందనుకోకండి, మళ్ళీ రాయగలుగుతున్నా అని ఊపిరి పీల్చుకుంటూ 'రైటింగ్' అని పాటే రాశాడంటే, రాయలేకపోయిన రోజులు ఎంత భయపెట్టాయో కదా.

బెర్మన్ పాటల్లో తమాషా ఏంటంటే మాటలు వినకపోతే పార్టీలో వేసుకోవచ్చు. 'ఆల్ మై హ్యాపీనెస్ ఈజ్ గాన్' బాణీ కాలు ఆడించేలా ఉంటుంది. వుడ్స్ బ్యాండ్ వాళ్ళు జార్విస్ టావెనియర్, జెరెమీ అర్ల్ వాయించి ప్రొడ్యూస్ చేశారు, ఆ వెలుతురు వాళ్ళ చలవే. బెర్మన్‌ది గొప్ప గొంతేం కాదు, పెద్దగా పైకీ కిందికీ వెళ్ళదు, కానీ ప్రతి మాటా స్పష్టంగా పడుతుంది, అతని పాటలకి కావలసింది అదే.

ఒక్క పాటే వినే టైముందంటే 'స్నో ఈజ్ ఫాలింగ్ ఇన్ మన్‌హటన్' వినండి. మంచు పడుతుంటే బిల్డింగ్ చూసుకునే మనిషి గుమ్మం మెట్ల మీద ఉప్పు చల్లుతాడు, పిల్లిని ఎత్తి లోపలేస్తాడు, జారుతుందేమో అని ఒకచోట అడుగేసి చూస్తాడు. లోపల వెచ్చగా ఉంటుంది, స్నేహితుడొకడు సోఫా మీద పడుకుని ఉంటాడు. ఇదంతా ఒక దృశ్యం అనుకుంటూ ఉంటామా, ఉన్నట్టుండి పాట తన గురించి తానే మాట్లాడుతుంది, పాటలంటే కాలంలో కట్టిన చిన్న చిన్న గదులు, ఇంటాయన వెళ్ళిపోయినా ఆయన నీడ అందులో ఉండి వచ్చిన అతిథిని లోపలికి పిలుస్తుంది అని. ఇలాంటి మలుపు క్యాలహాన్ ఆల్బమ్‌లో ఎక్కడా లేదు. అందుకే పైచేయి బెర్మన్‌ది అన్నాను.

ఇక్కడ ఒక విషయం దాటేయలేను. ఆల్బమ్ వచ్చి నెల తిరక్కముందే, 2019 ఆగస్టు 7న బెర్మన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంకొద్ది రోజుల్లో టూర్ మొదలవ్వాల్సింది. ఆ తర్వాత అందరూ ఈ ఆల్బమ్‌ని వీడ్కోలు ఉత్తరంలా వినడం మొదలెట్టారు, 'నైట్స్ దట్ వోంట్ హ్యాపెన్' లాంటి పాట ఉంది కాబట్టి అలా అనిపించడంలో తప్పు లేదు కూడా. కానీ ఆ వార్త రాకముందు ఈ ఆల్బమ్‌ని విన్న కొన్ని వారాలు నాకు బాగా గుర్తు, పదేళ్ళ తర్వాత మనిషి ఇంత చురుగ్గా, ఇంత చమత్కారంగా తిరిగొచ్చాడే అని ఎంత సంబరపడ్డానో. ఆ చమత్కారం ఇప్పటికీ ఆ పాటల్లో అలాగే ఉంది, దాన్ని వినకుండా పోవద్దు. అయితే మీరే ఇప్పుడు మనసు బాగోలేక నలిగిపోతుంటే మాత్రం ఇది తర్వాత వినొచ్చు, ముందు మీకు దగ్గరైన ఎవరితోనైనా మాట్లాడండి.

లోపాలు రెండిట్లోనూ ఉన్నాయి. క్యాలహాన్‌ది మధ్యలో కొన్ని పాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అకూస్టిక్ గిటార్, బేస్, ఆ లోతైన గొంతు, పెద్దగా మార్పుండదు, శ్రద్ధ తప్పిందంటే మూడు పాటలు దాటిపోయినా తెలీదు. బెర్మన్‌ది ఆఖరి పాట 'మేబీ ఐయామ్ ది ఓన్లీ వన్ ఫర్ మీ' మిగతావాటితో తూగదు, దాని ముందు పాటతోనే ఆగుంటే ఇంకా బాగుండేది అని నా ఉద్దేశం.

ఎలా వినాలంటే, పర్పుల్ మౌంటెన్స్ 10 పాటలే కాబట్టి ఒకే ఊపులో వినేయండి, మొదటిసారి బాణీల కోసం, రెండోసారి మాటలు ముందు పెట్టుకుని. షెపర్డ్‌ని అలా వినకండి, విసుగొస్తుంది. అది డబుల్ ఎల్పీ, అంటే రెండు రికార్డులు, నాలుగు సైడ్లు, వచ్చినప్పుడు కూడా వారానికి ఒక సైడ్ చొప్పున వదిలారు, మీరూ అలాగే ఒక్కో సైడ్ తీసుకుని హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఆ గొంతు స్పీకర్లలో సగం పోతుంది. రెండూ అయ్యాక 'ద వైల్డ్ కైండ్‌నెస్' వెతుక్కోండి. అది బెర్మన్ 1998లో సిల్వర్ జ్యూస్‌తో చేసిన పాట. దాన్ని క్యాలహాన్, బోనీ ప్రిన్స్ బిల్లీ అనే ఇంకో గాయకుడు కలిసి 2021లో 'బ్లైండ్ డేట్ పార్టీ' అనే కవర్ పాటల (వేరేవాళ్ళ పాటలు మళ్ళీ పాడిన) ఆల్బమ్‌లో పాడారు, సిల్వర్ జ్యూస్‌లో బెర్మన్ పక్కన నిలబడి పాడిన క్యాసీ బెర్మన్ కూడా అందులో ఉంది. ముందు 1998ది విని తర్వాత ఇది వినండి, ప్రాస మీద నడిచే బెర్మన్ మాటలు క్యాలహాన్ నోట్లో పడితే ఎలా ఉంటాయో అక్కడ తెలుస్తుంది.